మెలికలు తిరుగు మాట: 'రిగిల్' అను ఆంగ్ల క్రియ

గ్రామ పంచాయతీల వ్యవహారము తెలుగులో జరుగవలెననుట అందరును అంగీకరించిన విషయమే. 1966లో చేయబడిన అధికార భాషా చట్టము ఆంధ్రప్రదేశ్‌లో తెలుగునకు అధికార భాషా స్థానము నిచ్చినది. అయినను పంచాయతీ సభ్యునకు ఆంగ్లముతో పని పూర్తిగా తీరిపోలేదు. రాజ్యాంగములోని 348వ అధికరణము ననుసరించి ఉన్నత న్యాయస్థానముల వ్యవహారము సాధారణముగా ఆంగ్లములో నడచును. మోటారు పంపుతోను, మందుల డబ్బాతోను వచ్చు సూచనల కాగితము అనేక పర్యాయములు ఆంగ్లముననే ఉండును. అట్టి కాగితము చేతికి వచ్చినపుడు అందలి ఒక్క మాటను అపార్థము చేసికొన్నను గ్రామమునకు నష్టము కలుగవచ్చును.

కావున ఈ పాఠమున ఒకే ఒక ఆంగ్ల క్రియను తీసికొని, దాని అర్థమును, వాక్యములో దానిని వాడవలసిన తీరును వివరింపదలచినాము. ఆ క్రియ 'రిగిల్'. ఇది చూచుటకు చిన్న మాట. కాని దీనికి పంచాయతీ పనులతో రెండు విధముల సంబంధము కలదు. ఒకటి పారిశుద్ధ్యమునకు, రెండవది బాధ్యతకు సంబంధించినది. ఆ రెండింటిని ముందు చెప్పుదుము. మొదట మాటను పరిచయము చేసికొందము.

వ్రాత, పలుకుబడి

ఈ మాటను ఆంగ్లములో డబ్ల్యు, ఆర్, ఐ, జి, జి, ఎల్, ఇ అను ఏడు అక్షరములతో వ్రాయుదురు. పలుకునపుడు మొదటి డబ్ల్యు వినబడదు. 'వ్రాయుట' అను అర్థముగల 'రైట్', 'తప్పు' అను అర్థముగల 'రాంగ్', 'మణికట్టు' అను అర్థముగల 'రిస్ట్' అను మాటలును ఇట్టివే. వీటన్నిటికిని మొదట డబ్ల్యు ఉండును, అది పలుకదు. పూర్వకాలమున ఆంగ్లేయులు దానిని పలికెడివారు. కాలక్రమమున ధ్వని జారిపోయి అక్షరము మాత్రము మిగిలినది. ఇది మనకు వింత కాదు. మనమును 'వ్రాత' అని వ్రాసి 'రాత' అని పలుకుచున్నాము గదా!

దీని రూపములు నాలుగు. నేను, మీరు, వారు అనువానితో 'రిగిల్' అని, అతడు, ఆమె, అది అనువానితో వర్తమానమున 'రిగిల్స్' అని, భూతకాలమున 'రిగిల్డ్' అని, జరుగుచున్న పనిని చెప్పునపుడు 'రిగ్లింగ్' అని వాడవలెను. మాట చివర ఇ అను అక్షరము ముందే ఉన్నందున భూతకాలమునకు డి ఒక్కటి చేర్చిన చాలును. 'రిగ్లింగ్' వ్రాయునపుడు ఆ ఇ అక్షరమును తీసివేసి, ఐ, ఎన్, జి చేర్చవలెను.

అసలు అర్థము

శరీరమును అటునిటు త్రిప్పుచు, వంచుచు, చిన్న చిన్న కదలికలతో కదలుటకు 'రిగిల్' అని పేరు. ఈ అర్థములో మూడు అంశములు కలవు. మొదటిది, కదలునది ప్రాణముగల శరీరమై యుండుట. రెండవది, కదలిక ఒక్కసారితో ఆగక మరల మరల జరుగుట. మూడవది, అనేక సందర్భములలో ఇరుకు చోటు నుండియో, ఒకరి పట్టు నుండియో వెలువడు ప్రయత్నము అందులో ఉండుట. ఈ ఉదాహరణములు చూడుడు.

'ది వర్మ్ రిగిల్స్ ఇన్ ది వెట్ సాయిల్.' అనగా, తడి మట్టిలో వానపాము మెలికలు తిరుగును.

'ది ఫిష్ రిగిల్డ్ ఇన్ ది నెట్.' అనగా, వలలో చేప గిలగిల కొట్టుకొన్నది.

'ది చైల్డ్ ఈజ్ రిగ్లింగ్ ఇన్ హర్ మదర్స్ ల్యాప్.' అనగా, తల్లి ఒడిలో పిల్ల కుదురుగా ఉండక గింజుకొనుచున్నది.

వానపామునకు, చేపకు, పసిబిడ్డకు మన తెలుగులో వేర్వేరు మాటలు వచ్చినవి. కుళ్ళినదానిలో పురుగులు చేరినపుడు లుకలుకలాడుచున్నవందుము. ఆంగ్లములో ఈ నాలుగింటికిని 'రిగిల్' సరిపోవును. ఇంతవరకు ఈ మాట మనకు సుకరముగనే ఉన్నది. చిక్కు అంతయు ఎదురు దారిలో, అనగా తెలుగు నుండి ఆంగ్లమునకు పోవునపుడు కలుగుచున్నది.

తెలుగున ఒకటి, ఆంగ్లమున ఐదు

'మెలికలు తిరుగు' అను మాటను మనము చాల విస్తారముగా వాడుదుము. పురుగు మెలికలు తిరుగును. బాట మెలికలు తిరుగును. కడుపునొప్పితో మనిషి మెలికలు తిరుగును. సిగ్గుతో మెలికలు తిరుగువారును కలరు. నూతి త్రాడు మెలిక పడును. ఈ అన్నిచోట్లను 'రిగిల్' అని వ్రాసినచో చదువువారు నవ్వుదురు, లేదా వేరుగా గ్రహింతురు. ఏ చోట ఏ క్రియ వాడవలెనో ఒక్కొక్కటిగా తెలిసికొందము.

బాటకు, ఏటికి 'వైండ్' అను క్రియ వాడవలెను. 'ది రోడ్ వైండ్స్ త్రూ ది హిల్స్.' బాట కొండల నడుమ మెలికలు తిరుగుచు పోవుచున్నదని దీని అర్థము. బాటకు ప్రాణము లేదు. అది కదలదు. కావున అక్కడ 'రిగిల్' పొసగదు. రహదారి మంజూరు కొరకు వ్రాయు వినతిపత్రములో ఈ భేదము గుర్తుంచుకొనవలెను.

తీవ్రమైన బాధతో మెలికలు తిరుగుటకు 'రైద్' అను క్రియ కలదు. 'హీ వజ్ రైదింగ్ ఇన్ పెయిన్.' అతడు నొప్పితో మెలికలు తిరిగిపోవుచుండెను. పాము కాటు పడినవానిని గూర్చియో, పురుగుమందు కడుపులోనికి పోయినవానిని గూర్చియో వైద్యాధికారికి వ్రాయునపుడు 'రిగ్లింగ్' అని వ్రాసినచో, పసిబిడ్డ గింజుకొనుచున్నంతటి తేలిక భావము కలుగును. బాధ తీవ్రత తెలియదు. మాటలో జరుగు పొరపాటు ఇట్టి చోట హాస్యముతో పోదు.

సిగ్గుచేతను, ఇబ్బందిచేతను ఉన్నచోటనే మెదలుటకు 'స్క్వర్మ్' తగిన మాట. 'ది క్లర్క్ స్క్వర్మ్డ్ వెన్ ది మెంబర్ ఆస్క్డ్ ఫర్ ది అకౌంట్స్.' సభ్యుడు లెక్కలు అడుగగా గుమాస్తా ఇబ్బందితో మెలికలు తిరిగెను. ఈ మాట శరీరపు కదలికకును వాడబడును. కాని మనస్సులోని ఇబ్బందిని తెలుపుటకు దీనిని విశేషముగా వాడుదురు.

త్రాడునకు, తీగకు 'ట్విస్ట్' వాడవలెను. 'ది రోప్ ఈజ్ ట్విస్టెడ్.' త్రాడు మెలిక పడినది. కాలు మెలిక పడి బెణికినపుడును ఇదే మాట వచ్చును.

ఇక ప్రాణి తన దేహమును త్రిప్పుచు కదలినపుడు మాత్రమే 'రిగిల్'. ఈ విధముగా తెలుగున ఒక్క మాట ఉన్నచోట ఆంగ్లమున ఐదు క్రియలు కలవు. కదలునది ప్రాణియా, కాదా? కదలికకు కారణము నొప్పియా, సిగ్గా, లేక విడిపించుకొను ప్రయత్నమా? ఈ రెండు ప్రశ్నలు వేసికొన్నచో సరియైన క్రియ దానంతట అదియే తోచును.

దీనికి దగ్గరగా ఉండు మరియొక మాటను గూర్చి ఇక్కడనే హెచ్చరింపవలసియున్నది. 'విగిల్' అను క్రియ కలదు. అందు డబ్ల్యు పలుకును, ఆర్ అక్షరము లేదు. ఒక చిన్న భాగము అటునిటు ఊగుటకు దీనిని వాడుదురు. కదలుచున్న పంటికి, చెవులు ఆడించుటకు ఇది తగును. కాలివ్రేళ్ళు ఆడించుటకు రెండును చెల్లును. అయితే దేహమంతయు మెలికలు తిరుగుచు ముందునకు సాగుట 'రిగిల్' మాత్రమే.

వాక్యములో కుదుర్చు విధము

ఈ క్రియకు తరువాత కర్మ ఉండకపోవచ్చును, ఉండవచ్చును. 'ది బాయ్ రిగిల్డ్' అన్నను వాక్యము పూర్తియగును. 'షీ రిగిల్డ్ హర్ టోస్' అన్నచో ఆమె కాలివ్రేళ్ళు ఆడించెనని అర్థము. ఇందు కాలివ్రేళ్ళు కర్మ. సాధారణముగా తన దేహమో, దేహభాగమో ఇట్లు కర్మగా వచ్చును. 'హీ రిగిల్డ్ ది టేబుల్' అని వ్రాయుట సరికాదు. ఏలయనగా బల్ల అతని దేహము కాదు.

ఎటు కదలెనో చెప్పుటకు క్రియ ప్రక్కన చిన్న మాటలు చేరును. 'త్రూ' చేరిన ఇరుకుగుండా అని అర్థము. 'ది డాగ్ రిగిల్డ్ త్రూ ది ఫెన్స్.' కుక్క కంచె సందున దూరి పోయినది. 'అండర్' చేరిన క్రిందుగా అని, 'ఇంటు' చేరిన లోనికి అని అర్థము. 'ఫ్రీ' చేరిన పట్టు విడిపించుకొని అని అర్థము. 'ది కాఫ్ రిగిల్డ్ ఫ్రీ.' దూడ గింజుకొని పట్టు తప్పించుకొన్నది. పశువుల దొడ్డిని గూర్చిన నివేదికలో ఇట్టి వాక్యము చక్కగా కుదురును.

'స్ట్రగుల్' అను మాటతో దీనిని కలిపివేయు ప్రమాదము కూడ కలదు. పాట్లు పడుట, పెనుగులాడుట దాని అర్థము. పన్నులు వసూలు కాక పంచాయతీ ఇబ్బంది పడుచున్నదని వ్రాయదలచినవారు 'ది పంచాయత్ ఈజ్ స్ట్రగ్లింగ్' అని వ్రాయవలెను. 'ది పంచాయత్ ఈజ్ రిగ్లింగ్' అని వ్రాసినచో, పంచాయతీ ఏదో తప్పించుకొనజూచుచున్నదను అనుమానము చదువరికి కలుగును. ఆ అనుమానమునకు కారణమును ఇప్పుడు చెప్పుదుము.

తప్పించుకొనుట అను అర్థము

'రిగిల్' తరువాత 'అవుట్ ఆఫ్' అను మాటలు చేరినపుడు రెండు అర్థములు వచ్చును. ఒకటి దేహమునకు సంబంధించినది. 'ది ఈల్ రిగిల్డ్ అవుట్ ఆఫ్ హిజ్ హ్యాండ్.' మలుగుచేప అతని చేతి నుండి మెలికలు తిరుగుచు జారిపోయెను. రెండవది నడవడికి సంబంధించినది. చేయవలసిన పనిని ఏవేవో సాకులు చెప్పి తప్పించుకొనుటకును ఇదే వాడుక. 'హీ రిగిల్డ్ అవుట్ ఆఫ్ పేయింగ్ ది ట్యాక్స్.' అతడు పన్ను చెల్లింపకుండ ఎట్లో తప్పించుకొనెను. చేపను పట్టినవారికి ఈ పోలిక విప్పి చెప్పనక్కరలేదు.

ఇందు వ్యాకరణ విషయము ఒకటి కలదు. 'అవుట్ ఆఫ్' తరువాత నామవాచకమో, 'ఇంగ్' చేరిన క్రియయో రావలెను. 'అవుట్ ఆఫ్ పేయింగ్' సరియైనది. 'అవుట్ ఆఫ్ టు పే' అనునది తప్పు.

వ్యాకరణముకంటె ముఖ్యమైనది ఈ మాటలోని నింద. దీనిని వాడిన క్షణముననే ఎదుటివాని మనస్సులో కపటమున్నదని మనము తీర్పు చెప్పినట్లగును. ఒక పంచాయతీ మురుగుకాలువ పనిని ఒక గుత్తేదారునకు ఇచ్చెననుకొందము. గడువు తీరినది, పని సగమే అయినది. పై అధికారికి ఆంగ్లములో లేఖ వ్రాయవలసి వచ్చినది. 'ది కాంట్రాక్టర్ హాజ్ రిగిల్డ్ అవుట్ ఆఫ్ ది అగ్రిమెంట్' అని వ్రాసిరి. దీని అర్థము గుత్తేదారు ఒప్పందము నుండి జిత్తులతో జారుకొనెనని. అతడు అట్లు చేసినట్లు నిదర్శనమున్నదా? వానలచేత పని ఆగినదేమో! మొదటి బిల్లు సొమ్ము పంచాయతీయే సకాలమున చెల్లింపలేదేమో! విచారణలో అట్లు తేలినచో, ఆ మాట గుత్తేదారును విడిచి వ్రాసినవారినే పట్టుకొనును.

అట్టిచోట జరిగిన సంగతిని మాత్రమే వ్రాయుట క్షేమము. 'ది కాంట్రాక్టర్ డిడ్ నాట్ కంప్లీట్ ది డ్రెయిన్ బై ది డ్యూ డేట్.' గుత్తేదారు గడువులోగా కాలువను పూర్తి చేయలేదు. ఎన్ని గజములు అయినది, ఎన్ని గజములు మిగిలినది, ఏ తేదీన నోటీసు ఇచ్చినది, ఎంత సొమ్ము చెల్లించినది దాని వెంట వ్రాయవలెను. నింద లేకపోయినను ఈ వాక్యమునకు బలము తగ్గదు. పైగా పెరుగును. ఉద్దేశమును నిర్ణయించుట విచారణాధికారి పని, వాస్తవమును తెలుపుట పంచాయతీ పని.

ఇదే మాట పంచాయతీని గూర్చియే వచ్చిన కాగితములో కనబడినచో ఏమి చేయవలెను? మొదట, అది మామూలు మాట కాదనియు, మీపై ఆరోపణ యనియు గ్రహింపవలెను. అర్థము తెలియని కాగితముపై 'చదివితిమి' అని సంతకము చేయరాదు. తెలిసినవారిచేత తెలుగులో చెప్పించుకొని, ఏ బాధ్యతను తప్పించుకొన్నామని వ్రాసిరో చూచి, దస్త్రములోని తేదీలు, తీర్మానముల సంఖ్యలు ఉదహరించి గడువులోగా జవాబు ఈయవలెను. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగబద్ధమైన స్థానము నిచ్చినది. స్థానముతోపాటు జవాబుదారీయు వచ్చినది.

ఈ అర్థమునకు సంబంధించినదే 'విగిల్ రూమ్' అను జంటమాట. అటునిటు మెదలుటకు ఉండు చోటు అని దాని పదార్థము. నిబంధనలలో సడలింపునకు గల అవకాశమని వ్యవహారార్థము. 'ది రూల్స్ లీవ్ నో విగిల్ రూమ్' అని ఉన్నచో, నిబంధనలలో సడలింపునకు తావు లేదని గ్రహింపవలెను. ఇందు గదిని గూర్చిన ప్రసక్తి ఏమియు లేదు.

నీటితొట్టిలోని 'రిగ్లర్స్'

ఈ క్రియ నుండి 'రిగ్లర్' అను నామవాచకము పుట్టినది. మెలికలు తిరుగునది అని దాని అర్థము. ఆరోగ్య విషయములలో ఈ మాటకు ప్రత్యేకార్థము కలదు. నీటిలో ఉండు దోమ పిల్లపురుగునకు, అనగా దోమ లార్వాకు, ఆంగ్లమున వాడుకలో ఉన్న పేరు 'రిగ్లర్'. దానికి కాళ్ళు లేవు. దేహమును కొంకులు తిప్పుచు ఈదును, గాలి పీల్చుటకు నీటి పైభాగమునకు వచ్చును. కడవను కదలించినచో గబగబ అడుగునకు పోవును. ఆ కదలికను బట్టియే ఆ పేరు వచ్చినది.

'రిగ్లర్స్ వర్ ఫౌండ్ ఇన్ ది వాటర్ ట్యాంక్' అని తనిఖీ కాగితములో ఉన్నదనుకొందము. నిఘంటువు చూచి 'మెలికలు తిరుగునవి తొట్టిలో కనబడినవి' అని అర్థము చెప్పుకొన్నవారు, ఏ చేపపిల్లలో, నీటిపాములో అనుకొని ఊరకుండవచ్చును. కాని ఆ వాక్యము చెప్పునది వేరు. కొద్ది దినములలో ఆ తొట్టి నుండి దోమలు లేచునని అది హెచ్చరించుచున్నది. వెచ్చని వాతావరణములో గ్రుడ్డు నుండి రెక్కల దోమ వెలువడుటకు ఇంచుమించు ఎనిమిది నుండి పది దినములు చాలును. కావుననే వారమున కొకసారి నీటి పాత్రలను ఖాళీ చేసి ఆరబెట్టవలెనని వైద్యులు చెప్పుచున్నారు. లార్వా తరువాతి దశను ఆంగ్లమున 'టంబ్లర్' అందురు. దొర్లునది అని దాని అర్థము. మంచినీరు త్రాగు గ్లాసునకును అదే పేరు ఉన్నది గాన, అక్కడను పొరపాటు పడరాదు.

డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు ఈడిస్ దోమ మంచి నీటి తొట్లలోను, పాత టైర్లలోను, కొబ్బరి చిప్పలలోను గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు పాత్ర అంచులకు అంటుకొని, నీరు లేకున్నను నెలల తరబడి చెడక ఉండగలవు. కాబట్టి నీరు పారబోసిన చాలదు, పాత్రను తోమి కడుగవలెను. మలేరియాను వ్యాపింపజేయునది అనాఫిలిస్ దోమ. ఈ సంబంధమును బయటపెట్టిన పరిశోధన మన నేలమీదనే జరిగినది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అందులకు ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించినది.

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము చేరియున్నవి. తొట్టిలోని 'రిగ్లర్' అను మాటను సరిగా చదువుట ఆ బాధ్యతలో ఒక చిన్న భాగము.

అభ్యాసము

ఈ క్రింది తెలుగు వాక్యములను ఆంగ్లములో చెప్పునపుడు ఏ క్రియ వాడవలెనో ఆలోచింపుడు. సమావేశము ముగిసిన పిదప నలుగురు కలిసి చేసినచో మరింత ఉపయోగము.

1. ఏరు మెలికలు తిరుగుచు మా గ్రామము ప్రక్కగా పోవుచున్నది.
2. రోగి కడుపునొప్పితో మెలికలు తిరుగుచున్నాడు.
3. పందిపిల్ల కంచె సందున దూరి పోయినది.
4. పంపు తీగ మెలిక పడినది.
5. అతడు నీటి రుసుము చెల్లింపకుండ తప్పించుకొనెను.
6. ప్రశ్న విని అతడు ఇబ్బందితో మెలికలు తిరిగెను.

సమాధానములు: మొదటిదానికి 'వైండ్స్'. రెండవదానికి 'ఈజ్ రైదింగ్'. మూడవదానికి 'రిగిల్డ్ త్రూ'. నాలుగవదానికి 'ఈజ్ ట్విస్టెడ్'. ఐదవదానికి 'రిగిల్డ్ అవుట్ ఆఫ్ పేయింగ్'. అయితే అధికార లేఖలో దీనికి బదులు 'హాజ్ నాట్ పెయిడ్', అనగా చెల్లింపలేదు, అని వ్రాయుట మేలు. ఆరవదానికి 'స్క్వర్మ్డ్'.

ఆరింటిలో నాలుగు సరిగా చెప్పగలిగినవారు ఈ పాఠమును గ్రహించినట్లే. తక్కినవారు 'తెలుగున ఒకటి, ఆంగ్లమున ఐదు' అను భాగమును మరియొకసారి చదువుకొనవలెను. సభ్యులలో ఆంగ్లము రానివారు ఉండుట లోపము కాదు. ఓటరు తన ప్రతినిధిని ఎన్నుకొన్నది ఆంగ్లము కొరకు కాదు. కాని ఏ భాషలో వచ్చిన కాగితమైనను, దాని అర్థము తెలిసికొనక సంతకము చేయకుండుట ప్రతి సభ్యుని విధి. తెలియని మాటను అడిగి తెలిసికొనుటలో చిన్నతనము లేదు.